బ్రాకెట్ ముందు మైనస్

ఫోనులో పేరు కొడితే మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటపడే కాలం మా ఇంటిదాకా ఇంకా రాని రోజులవి. ఆ రోజుల్లో ఎవరి సంగతైనా తెలుసుకోవాలంటే మనిషిని పంపాల్సిందే. చేవెళ్లలో బస్టాండుకు దగ్గరగా మాకొక కిరాణా దుకాణం ఉండేది (ఇప్పటికీ ఉంది, కాకపోతే కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి వచ్చి అవ్వ కూర్చునే చోటు ఆక్రమించింది). దుకాణం బాపుది, పెత్తనం అవ్వది. అవ్వ అంటే బాపును కన్నతల్లి. కందిపప్పు వస్తే పంటికింద కొరికి చూసేది, బెల్లం వస్తే గోటితో గీకి చూసేది, చింతపండు వస్తే బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి అక్కడిది తీసి చూసేది. పైకి కనిపించే సరుకును నమ్మడం ఆమె జాతకంలో లేదు. ఆ గుణం బాపును వదిలేసి, అక్కను వదిలేసి, నేరుగా వచ్చి నా నెత్తిన కూర్చుంది. బడిలో టీచరు 'ఎక్స్ అనుకుందాం' అన్న మొదటి రోజునుంచే నాకు బీజగణితం మీద అనుమానం. ఏమిటో తెలియని దాన్ని తెలిసినట్టు అనుకోవడమేమిటి, అనుకున్న పాపానికి దాన్ని కూడటం, తీసేయడం ఏమిటి? అందుకని లెక్క పూర్తయ్యాక ఎక్స్ బదులు రెండో మూడో పెట్టి, జవాబు సరిపోయిందో లేదో ఎవరూ చూడకుండా సరిచూసుకునేదాన్ని. సరిపోతే కాస్త నిరాశగా ఉండేది కూడా. ఈ అనుమానం పుణ్యమా అని లెక్కల్లో మార్కులు మాత్రం బాగా వచ్చేవి.

నేను పదో తరగతికి వెళ్లబోయే వేసవిలో అక్కకు ఒక సంబంధం వచ్చింది. తెచ్చినవాడు మాకు దూరపు చుట్టం. ఊళ్లోని పెళ్లిళ్లలో సగం తన చేతిమీదుగానే జరిగాయని చెప్పుకునేవాడు కాబట్టి ఇంటిల్లిపాదీ ఆయన్ని మధ్యవర్తి మామ అని పిలిచేవాళ్లం. అబ్బాయిది మొయినాబాద్. లెక్కల సారు, సొంతంగా ట్యూషన్ నడుపుతున్నాడు. "తాగుడు లేదు, తిరుగుడు లేదు, కోపం లేదు. చిన్నప్పటి సంది అన్నిట్ల ఫస్టే అత్తా. వంక పెడుదమన్నా దొరకది," అని మామ చాయ్ ఊదుకుంటూ చెప్పాడు. ఆయన గడప దాటగానే అవ్వ చెంగు దులిపి లేచింది.

"గింత మంచోడు గిన్నేండ్లు ఎట్ల మిగిలిండే?"

మా వాళ్లలో పెళ్లిచూపులకు ముందు విచారణ అని ఒక తతంగం ఉంటుంది. అబ్బాయి ఉండే వాడకట్టులో మంగలి షాపు దగ్గరా, పాన్‌డబ్బా దగ్గరా మనవాళ్లు ఊరికే నిలబడినట్టు నిలబడి మాటలు రాబడతారు. బాపు అలాగే వెళ్లి వచ్చాడు. అక్కడ కూడా అందరూ మంచివాడనే చెప్పారట. దాంతో అవ్వ అనుమానం నిలువెత్తయింది. "ఒక్కడన్న ఒక్క చెడుమాట చెప్పలేదంటె అందర్కి ముందే చెప్పిపెట్టినట్టే. లోపలికి పోయి చూసేటోళ్లు కావాలె," అంటూ ఇల్లంతా కలియజూసి చివరికి నా మీద చూపు నిలిపింది. "నువ్వు వాని ట్యూషన్ల చేరు. సిగిరెట్ వాసన ఏమన్న వస్తదా, గుట్కా నములుతడా, కోపమొస్తె పోరగాండ్లను కొడతడా, అన్నీ చూసి రా." నాకైతే ఒళ్లు పులకరించింది. అనుమానించడం తప్ప ఇంకే విద్యా సరిగ్గా రాని నాకు మొదటిసారి దానితో పని పడింది.

ఆ సాయంత్రం అక్క నన్ను డాబా మీదకు పిలిచింది, ఎండిన మిరపకాయలు ఎత్తే వంకతో. మా అక్క ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పింది. తర్వాత గ్రూపు మార్చుకుని, డిగ్రీ కూడా పూర్తి చేసింది. అయినా మా ఇంట్లో ఆ ముచ్చట చావలేదు. పండుగకు పళ్లేలు ఒకటి తక్కువ పెట్టినా "ఇంటర్ లెక్కలు గదా" అని నవ్వేవాళ్లు. అక్క కూడా వాళ్లతో కలిసి నవ్వేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

"అవ్వ అడిగినయన్ని చూడు గని, నాకొక్కటి చూసిపెట్టు. లెక్క రానోళ్లను ఆయన ఎట్ల చూస్తడు? ఊకె నోటితోని తిట్టుడు కాదు. లోపల. చులకనగ చూస్తడా?"

"నీ సంగతి వాళ్లకు చెప్పరట గదా," అన్నాను నేను. అవ్వ ముందే తేల్చేసింది: అడిగితే చూద్దాం, అడగకపోతే మన నోటితో మనమెందుకు చెప్పుకోవాలి.

"చెప్పకుంటె తెల్వదా? ఒక దినం తెలుస్తది. ఆ దినం ఆయన మొకం ఎట్లుంటదో నాకు ఇప్పుడే తెల్వాలె. బతుకంతా ఒక లెక్కల సారు ముంగట తలకాయ వంచుకొని ఉండుడు నాతోని కాదు." అంతసేపూ మిరపకాయలను ఒక గంపలోంచి ఇంకో గంపలోకి, మళ్లీ వెనక్కి పోస్తూనే ఉంది. జవాబు తెస్తానని మాటిచ్చాను (కళ్లు మండితే మిరప ఘాటు అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను).

ఇక గూఢచారి వేషం. చేవెళ్ల అని చెబితే పట్టుబడతాం కాబట్టి, మొయినాబాద్ పక్కనే ఉన్న చిన్న మంగళారంలో చుట్టాలింటికి సెలవులకు వచ్చానని చెప్పాలనుకున్నాం. లెక్కలు వచ్చిన పిల్ల ట్యూషన్‌కు ఎందుకొస్తుంది? కాబట్టి రానట్టు నటించాలి. నేను బాగా ఆలోచించి ఒక తప్పును ఎంచుకున్నాను. రెండు భిన్నాలను కూడమంటే పైనవి పైన, కిందవి కింద కలిపేయడం. అంటే ఒకటి కింద ఎక్స్, ఒకటి కింద వై ఉంటే, నా జవాబు పైన రెండు, కింద ఎక్స్ ప్లస్ వై. చూస్తేనే లెక్కల సార్లు తల పట్టుకునే తప్పు. దీన్ని ఇంట్లో సాధన కూడా చేశాను. పుస్తకాలకు కొత్త బ్యాగు అడిగితే అవ్వ కొట్టిపారేసింది. "సంచులు మస్తుగున్నయి ఇంట్ల. అండ్ల పెట్టుకొని పో." అలా ఒక బట్టసంచి భుజాన తగిలించుకుని మొయినాబాద్ బస్సెక్కాను. ఆ రోజుల్లో ఆ దారి పొడుగునా పొలాల మధ్య ఫామ్‌హౌస్ ప్లాట్ల బోర్డులు కొత్తగా లేస్తుండేవి. కిటికీ పక్కన కూర్చుని, ఆ బోర్డుల్లో ఎన్ని అబద్ధమో అని అనుమానించుకుంటూ వెళ్లాను.

ట్యూషన్ ఒక మేడ మీది గదిలో. పిల్లలు ఆయనకు కసాగు సార్ అని పేరు పెట్టుకున్నారు. కింద ఉన్న హారాలు వేరువేరైతే వాటి క.సా.గు. కనుక్కోకుండా ముందుకు అడుగు వేయనివ్వడు కాబట్టి ఆ పేరు. మనిషి సన్నగా, పొడుగ్గా, మోచేతిదాకా సుద్దపొడితో ఉన్నాడు. నేను వాసన కోసం మొదటి బెంచీలో కూర్చున్నాను. సిగరెట్టు వాసన లేదు. సంతూరో ఏదో సబ్బు వాసన. వాసన కప్పిపుచ్చడానికే సబ్బేమో అని ఆ రాత్రి అవ్వకు చెబితే, అవ్వ మెచ్చుకోలుగా తల ఊపింది.

నా తప్పు చూసి ఆయన కోప్పడలేదు. "అరకిలో చక్కెర ఒక పొట్లం, పావుకిలో చక్కెర ఒక పొట్లం. రెండు కలిపితె ఎంత?" అన్నాడు. దుకాణం పిల్లను కదా, ముప్పావుకిలో అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, పైన రెండు, కింద ఆరు అన్నాను. అంటే కిలోలో మూడోవంతు. "అరకిలోకు ఇంకింత కలిపితె అరకిలో కన్న తక్కువైందా? నీ దుకాణంల నేను సామాన్ కొనను పో," అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఎందుకన్నాడు దుకాణం అని? ఊరికే అన్నాడా? రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

అక్క అడిగిన దానికి జవాబు వెతుకుతూ ఉండేదాన్ని. మా బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి ఉండేది. దానికి నిజంగానే లెక్కలు రావు. సారు దాని పక్కన కూర్చుని పైనుంచి ఒక్కో వరుస మీద వేలు పెట్టేవాడు. "గీ లైను కరెక్టే. గిది గూడ కరెక్టే. గీడిదాంక మంచిగ నడిచినవ్. గిక్కడ జర జారినవ్, చూడు." అక్కడిదాకా చిన్న చిన్న టిక్కులు పెట్టి, తప్పు వచ్చిన వరుస కింద మాత్రమే మళ్లీ చేయమనేవాడు. మొత్తం కొట్టేయడం నేనొక్కసారీ చూడలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అక్క ముఖం వెలిగింది. అవ్వ మాత్రం "పది మంది ముంగట గదా, అందుకనే," అంది. నాకూ అదే అనిపించింది. మంచిగా కనిపించే కొద్దీ ఏదో దాస్తున్నాడనే అనుమానం పెరుగుతూ వచ్చింది. కావాలని ఇంకా ఘోరమైన తప్పులు చేశాను, కోపం తెప్పిద్దామని. రాలేదు. మనిషికి కోపం రాకపోవడం ఎంత అనుమానాస్పదమైన విషయమో ఆ వయసులో నాకు తెలిసినంతగా ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఒక రోజు తీసివేతలు మొదలుపెట్టాడు. బోర్డు మీద ఇలా రాశాడు: 5/(x−1) − 3/(x+2). కింద ఉన్న రెండూ వేరు కాబట్టి రెండింటినీ గుణించి ఒకే హారం చేశాడు. పైన అయిదును ఎక్స్ ప్లస్ రెండుతో గుణించాడు, అయిదు ఎక్స్ ప్లస్ పది. మూడును ఎక్స్ మైనస్ ఒకటితో గుణించాడు, దాన్ని తీసేయాలి. బ్రాకెట్ విప్పి, మైనస్ మూడు ఎక్స్, మైనస్ మూడు అని రాశాడు. మొత్తం పైన రెండు ఎక్స్ ప్లస్ ఏడు అని తేల్చి, కింద గీత గీశాడు. అందరూ రాసుకుంటున్నారు. నేనూ రాసుకుంటూ, అలవాటు కొద్దీ ఎక్స్ బదులు రెండు పెట్టాను. అసలు లెక్కలో పెడితే అయిదులోంచి ముప్పావు పోతే నాలుగుంపావు. సారు జవాబులో పెడితే పదకొండు కింద నాలుగు, అంటే మూడు దాటడమే లేదు. మూడు పెట్టి చూశాను. అదీ కుదరలేదు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన తప్పు కళ్లముందు తెల్లగా మెరుస్తుంటే, నేనెవరో, ఎందుకొచ్చానో అన్నీ మర్చిపోయాను.

"సార్, తప్పు!" అని లేచి నిలబడ్డాను. "బ్రాకెట్ ముంగట మైనస్ ఉన్నది సార్. లోపల మైనస్ ఒకటి గదా, బయటికి వస్తె ప్లస్ మూడు కావాలె. రెండు ఎక్స్ ప్లస్ పదమూడు సార్!"

రెండు జడల పిల్ల నోరు తెరుచుకుని నావైపు చూస్తోంది. నిన్నటిదాకా సగానికి పావు కలిపితే మూడోవంతు అన్న మనిషిని కదా. సారు బోర్డు వైపు తిరిగి చాలాసేపు చూశాడు. చెవులు కాస్త ఎర్రబడ్డట్టు అనిపించింది. "అవును. నాదే తప్పు. అందరు దిద్దుకోన్రి," అని, పైనుంచి తన వరుసల మీదా టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, తప్పిన చోట ఆగి అక్కడినుంచి తుడిచాడు. తర్వాత నన్ను క్లాసయ్యాక ఉండమన్నాడు.

అందరూ వెళ్లాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిజంగ రానోళ్లు దినానికో కొత్త తప్పు చేస్తరు. నువ్వు ఒక్కటే తప్పు పట్టుకొని కూసున్నవ్. అదిగూడ మంచిగ నీట్‌గ చేస్తున్నవ్," అన్నాడు. నేను చిన్న మంగళారం, చుట్టాలు, సెలవులు అంటూ ఏదో గొణిగాను. ఆయన నా భుజాన ఉన్న సంచి వైపు చూపించాడు. నేను అప్పుడు మొదటిసారి ఆ సంచిని ఇతరుల కళ్లతో చూశాను. ఏటా ఉగాదికి గిరాకీలకు పంచడానికి బాపు అచ్చువేయించిన సంచి అది. ఎర్రటి పెద్ద అక్షరాల్లో తాత పేరు, దాని కింద 'కిరాణం అండ్ జనరల్', దాని కింద ఇంకా పెద్దగా 'చేవెళ్ల'.

"మీ మధ్యవర్తి మామ గదే పేరు చెప్పిండు నాకు. మొదటి దినమే తెలిసింది," అన్నాడు నవ్వు ఆపుకుంటూ. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఆ క్షణంలో కూడా అనుమానం మాత్రం చావలేదు. "అయితె బోర్డు మీద తప్పు నన్ను పట్టుకుందామనే చేసిన్రా సార్?" అని అడిగాను. "నీకెట్ల అనిపిస్తె గట్ల," అని సుద్దముక్క డబ్బాలో వేసి లేచాడు.

ఇంట్లో పంచాయితీ కూర్చుంది. అవ్వ అంతా విని, సంచి సంగతి మాత్రం విననట్టే దాటేసి, నేరుగా తీర్పు చెప్పేసింది. "సూసిన్రా! మొదటి దినం సంది ఎరికె. అయితె ఇన్నిదినాలు చేసిందంత నాటకమే. పక్కన కూసునుడు, టిక్కులు వెట్టుడు, అన్నీ." బాపు తల గోక్కున్నాడు. నేను అవ్వ పక్షమే. చూస్తున్నారని తెలిశాక ఎవరైనా మంచిగానే ఉంటారు కదా. నేను కూడబెట్టిన సాక్ష్యమంతా ఒక్క సంచి దెబ్బకు పనికిరాకుండా పోయింది. అక్క వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. దానికి జవాబు తెస్తానని మాటిచ్చి, పట్టుబడి వచ్చాను.

"ఆయనకు ఏం తప్పు వచ్చిందన్నవ్?" అంది అక్క అకస్మాత్తుగా. చెప్పాను. బ్రాకెట్ ముందు మైనస్. "నేను ఇంటర్ల సగం పేపర్ గక్కడనే పోగొట్టుకున్న," అంది అక్క. తర్వాత లేచి, "నాటకమో కాదో ఇంకొకల్లను పంపి చూసుడు వద్దు. రమ్మనున్రి. నేనే అడుగుత," అని లోపలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో అక్క గొంతు ఆ ఎత్తున వినడం అదే మొదలు.

పెళ్లిచూపుల రోజున సారు, వాళ్లమ్మ, మధ్యవర్తి మామ వచ్చారు. సారు నన్ను చూసి కొత్తవాళ్లను చూసినట్టు తల పంకించాడు (నటన బాగానే వచ్చు అని గుర్తుపెట్టుకున్నాను). అక్క చాయ్ ఇచ్చి కూర్చుంది. మామ అబ్బాయి గుణగణాలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టబోతుంటే, అక్క మధ్యలోనే అంది. "మీకొకటి చెప్పాలె. నేను ఇంటర్ల లెక్కలు తప్పిన. అందుకనే గ్రూపు మార్చుకున్న. ఇంట్లోళ్లు చెప్పొద్దన్నరు. చెప్పకుండ ఉండనీకి నాకు మనసొప్పలేదు."

"చాయ్ తాగున్రి సారూ, చల్లారుతది!" అని అవ్వ కేకేసినంత పని చేసింది. నేను మాత్రం సారు ముఖం మీదనుంచి కళ్లు తిప్పలేదు. కనుబొమ్మ కదిలితే చాలు, పట్టేద్దామని. అక్క పమిట చెంగును వేలికి చుట్టి చుట్టి బిగిస్తోంది. వేలు తెల్లబడింది. దాని బతుకంతా ఆయన తర్వాతి మాట మీద ఆగినట్టుంది నాకు. సారు కప్పు కింద పెట్టి, వాళ్లమ్మ వైపు ఒకసారి చూసి, అక్కతో అన్నాడు.

"నేను డిగ్రీల ఇంగ్లిష్ తప్పిన. సప్లిమెంటరీ రాసి పాసైన. మామ చెప్పలేదా?"

మామకు చాయ్ పొలమారింది. సారు వాళ్లమ్మ ముఖం మాడిపోయింది. ఆమె కూడా చెప్పొద్దనే అన్నదని చూస్తేనే తెలుస్తోంది. అందరికంటే ముందు తేరుకున్నది అవ్వ. పప్పులో పురుగు దొరికినప్పుడు ఆమె ముఖంలో కనిపించే సంతోషమే అప్పుడూ కనిపించింది. "నేనప్పుడే అన్న గదా! గింత మంచోడు ఎట్ల ఉంటడని!" అని గట్టిగా నిట్టూర్చి, చంక కింది విసనకర్ర తీసి విసురుకుంటూ, "ఇగ ఫికర్ లేదు. ముహూర్తం చూడున్రి," అంది. లోపం దొరికాకే ఆమెకు నమ్మకం కుదిరింది. అక్క నవ్వింది. సారు కూడా నవ్వాడు. అక్క చెంగు వేలి నుంచి వదులైంది.

పెళ్లయిపోయింది. బావను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అడిగానో, బోర్డు మీది తప్పు నిజంగా వచ్చిందా, నా కోసం తెచ్చిపెట్టుకున్నదా అని. ఒకసారి నిజమంటాడు, ఒకసారి ఎత్తు అంటాడు. అక్కేమో ఖచ్చితంగా తప్పే అంటుంది. దానికి అదే ఇష్టం.

అక్కను పంపిన రోజు సాయంత్రం నేను దుకాణం వెనక గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బాపు కంగారుపడి, "మొయినాబాద్ ఎంత దూరమే, బస్సెక్కితె దిగుడే గదా, నీకు తెలిసిన తొవ్వనే," అంటూ బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి ఇచ్చాడు. ఎలా చెప్పను? సిగరెట్టు, గుట్కా, కోపం, సబ్బు వాసన, కనుబొమ్మ, అన్నీ అనుమానించాను. ఆయన మంచివాడని తేలితే అక్క ఇల్లు విడిచి వెళ్లిపోతుందన్న ఒక్క సంగతి మాత్రం ఆ వేసవంతా నాకు తట్టనే లేదు. బిస్కెట్లు తింటూ ఏడుస్తున్న ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్లకు కనిపిస్తుంది. దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది గానీ, నేనేం చెప్పినా అది నమ్మదని నాకు తెలుసు.